మూడు వారాల పిల్లకి నీళ్ళు పట్టమంటారు, బాలింతకి మాత్రం నీళ్ళు వద్దంటారు

పటమట_బాలింత
పాపకి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పుట్టినప్పుడు 2 కిలోల 900. ఆపరేషన్ చేసి తీశారు. విజయవాడ పటమటలో మా అమ్మ దగ్గరే ఉన్నాను. బయట 44 డిగ్రీలు, గదిలో ఫ్యాన్ కూడా వెయ్యనివ్వట్లేదు. నా చెవుల్లో దూది, తలకి స్కార్ఫు. పాపకి ఊలు టోపీ, సాక్సులు, ఆపైన దుప్పటి. మెడ కిందంతా చెమటకాయలు.

మా అమ్మమ్మకీ మా అత్తగారికీ మామూలుగా ఏ విషయంలోనూ పొసగదు. ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. నాకు రోజుకి రెండు గ్లాసుల కాచిన నీళ్ళు. అంతకంటే తాగితే పొట్ట జారుతుందట, కుట్లకి నెమ్ము చేరుతుందట. వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం, అంతే. పప్పు తింటే కుట్లు చీము పడతాయని పప్పు లేదు. ఆకుకూర లేదు, పెరుగు లేదు, పండు లేదు. నాలుక పిడచకట్టుకుపోతోంది. పాపకి మాత్రం ఎండలకి గొంతు ఆరిపోతుందని పూటకో ఉగ్గుగిన్నెడు మరుగు నీళ్ళు.

కాటుక మూడో రోజు నుంచే పెడుతున్నారు. నీళ్ళు పోసే ఆవిడ ముక్కులో, చెవుల్లో ఆమదం చుక్కలు వేస్తోంది. మొన్న ఒకరోజు దొడ్డికి వెళ్ళలేదని తమలపాకు కాడ ఆమదంలో ముంచి పెట్టారు. మాటలు బాగా రావాలని రేపటి నుంచి వస కొమ్ము అరగదీసి నాకిస్తారట.

డిశ్చార్జి రోజు డాక్టరుగారు తల్లిపాలు, విటమిన్ డి చుక్కలు, టైముకి టీకాలు, ఇంకేమీ వద్దన్నారు. ఆ మాట ఎత్తితే "ఆయనకేం, చెప్పి పోతాడు, పెంచేది మేం" అంటున్నారు. గొడవపడే ఓపిక లేదు నాకు. రాత్రిళ్ళు పాలిస్తూ ఏడుస్తున్నాను. అందరూ నా మంచి కోసమే చేస్తున్నారు, అదీ తెలుసు. ఎలా చెప్పాలి వీళ్ళకి?

గుణదల_కొండ
అచ్చం నా పురుడే. నేనైతే బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి నీళ్ళు దోసిలితో తాగాను. పదకొండో రోజున జ్వరం, ఉచ్చలో మంట. నీళ్ళు చాలక ఇన్‌ఫెక్షన్ అన్నారు. దాపరికం వద్దు, గదిలో బాటిల్ పెట్టుకో ముందు.

మిర్చియార్డు_నాన్న
44 డిగ్రీల్లో ఊలు టోపీయా! మా యార్డులో మిరపకాయ టిక్కీలకి, అదే బస్తాలకి కూడా మధ్యాహ్నం నీడ చూస్తామండీ.

సత్యనారాయణపురం_మామ్మ
అమ్మాయ్, నలుగురు పిల్లల్నీ ఏడుగురు మనవల్నీ నా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోశాను. అందరికీ వస పోశాం, కాటుక పెట్టాం, మరుగు నీళ్ళు పట్టాం. ఒక్కడికి కళ్ళజోడు లేదు. పచ్చి ఒళ్ళు అంటే తెలుసా మీకు? ఇప్పుడు చన్నీళ్ళు తాగి, ఏసీలో పడుకుని, నలభై దాటాక నడుం నొప్పి అంటారు. మీ డాక్టర్లు ఏడాదికో మాట చెప్తారు. మా మాట మాత్రం మా అమ్మ నాటి నుంచీ ఒకటే.

నైట్‌డ్యూటీ_నర్సు
పద్నాలుగేళ్ళుగా ప్రసూతి వార్డులో, పసిపిల్లల ఐసీయూలో చేస్తున్నాను. గుంటూరులో. నీళ్ళ సంగతి ముందు చెప్తాను, మిగతావి తర్వాత.

తల్లిపాలలో నూటికి ఎనభై ఏడు పాళ్ళు నీళ్ళే. పిల్లకి దాహమైతే రొమ్ము దగ్గరకే వస్తుంది, ఎండాకాలంలో ఇంకో రెండుసార్లు ఎక్కువ వస్తుంది. అందుకే ఎంత ఎండలైనా ఆరు నెలలు నిండేదాకా చుక్క నీళ్ళు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నీళ్ళు పడితే ఏమవుతుంది? చిన్న పొట్ట, నీళ్ళతో నిండిపోతుంది. పాలు తాగదు. తాగకపోతే నీకు పాలు తగ్గుతాయి. పాలు తగ్గాయని డబ్బా పాలు మొదలుపెడతారు. ఈ వరస నేను ఎన్ని ఇళ్ళల్లో చూశానో. ఇంకోటి, పసిపిల్లల మూత్రపిండాలు అంత నీటిని బయటికి పంపలేవు. ఒంట్లో సోడియం పల్చబడి ఫిట్స్ రావచ్చు. మరుగు నీళ్ళయినా అంతే. కాస్తే క్రిములు చస్తాయి, నీళ్ళు నీళ్ళే కదా.

పాలు చాలుతున్నాయో లేదో తెలియాలంటే గొంతు చూడక్కర్లేదు, గుడ్డలు చూడు. రోజుకి ఆరుసార్లు, ఆ పైన ఉచ్చ పోస్తూ, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు మళ్ళీ అందుకుంటే చాలుతున్నట్టే. మీ పాప ఇప్పుడెంత ఉంది?

పటమట_బాలింత
పద్నాలుగో రోజున తూస్తే 2 కిలోల 950. గుడ్డలు ఏడెనిమిది తడుపుతోంది.

నైట్‌డ్యూటీ_నర్సు
అయితే నీ పాలు చక్కగా ఉన్నాయి తల్లీ. ఆ బరువు రాసిన కాగితం మీ అమ్మమ్మకి చూపించు.

ఇక నీ నీళ్ళు. పాలిచ్చే తల్లికి దాహం విపరీతంగా వేస్తుంది, ఒళ్ళు అడుగుతోంది కాబట్టి వేస్తుంది. కానుపు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే గుణం మామూలుకంటే ఎక్కువ. నీళ్ళు తాగకుండా, కదలకుండా పడుకుంటే కాళ్ళ రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. మలబద్ధకం వస్తే కుట్ల మీద ముక్కాలి. పప్పుకి, చీముకి సంబంధం లేదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, శాకాహారం ఇంట్లో అవి ఎక్కువగా ఉండేది పప్పులోనే. హైదరాబాదులో మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లి మామూలుకంటే రోజుకి 600 కేలరీలు ఎక్కువ తినాలి. నెయ్యన్నంలో కేలరీలు వస్తాయేమో గానీ ఇనుము, కాల్షియం ఎక్కణ్ణుంచి వస్తాయి?

బందరురోడ్డు_అమ్మ
"పప్పు తింటే చీము" అన్నమాట మా ఇంట్లోనూ విన్నాను. తోటకూర పప్పు గిన్నె చేతిలోంచి లాగేసుకున్నారు మా పెద్దత్త. ఆ గిన్నె ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది నాకు.

తెనాలి_మాస్టారు
ఈ పథ్యాలు ఎందుకు పుట్టాయో ఆలోచిస్తే పెద్దవాళ్ళ మీద కోపం రాదు. మావి కాలవ నీళ్ళు తాగిన ఊళ్ళు. కాలవ కట్టేస్తే చెరువే గతి. పశువులు, బట్టలు, అన్నీ అందులోనే. బాలింతకి విరోచనాలు పట్టుకుంటే తల్లీ పోయేది, బిడ్డా పోయేది. అందుకే కాచి, చల్లార్చి, కొలిచి ఇచ్చారు. కాచిన నీళ్ళు అన్నది అప్పుడు ప్రాణం నిలబెట్టిన మాట. కాలక్రమంలో 'కాచినవి' అన్నది వెనక్కి పోయి 'తక్కువ' అన్నది మిగిలింది. అమ్మమ్మగారితో ఇలా మొదలుపెట్టండి. మీరు కాచమన్నది నిజమే అమ్మమ్మా, కాచినవే ఇవ్వు, బిందెడు ఇవ్వు.

సత్యనారాయణపురం_మామ్మ
మాస్టారు చెప్పింది కొంచెం బాగుంది. మా పుట్టింట్లో ఇండుప గింజ అరగదీసి తేర్చిన నీళ్ళే బాలింతకి. కానీ మేమంతా అలా పెరిగి బతకలేదా?

తెనాలి_మాస్టారు
మామ్మగారూ, మీ మాటకి ఎదురు చెప్పాలని కాదు. మా అమ్మ తొమ్మిదిమందిని కన్నది. మిగిలింది ఐదుగురం. నా తర్వాతి తమ్ముడు, 1950ల మాట, ఎనిమిదో రోజున నోరు బిగుసుకుపోయి పాలు పట్టలేక పోయాడు. మంత్రసాని బొడ్డు కొడవలితో కోసి పిడక బూడిద అద్దింది. గాలి సోకిందన్నారు. అది ధనుర్వాతమని నాకు పాతికేళ్ళ తర్వాత తెలిసింది. మా అమ్మ చనిపోయేదాకా తన దిష్టి వల్లే పోయాడనుకుంది.

మనం బతికి ఉన్నాం కాబట్టి ఇక్కడ కూర్చుని "బతకలేదా" అంటున్నాం. వాడు ఈ మాట అనడానికి లేడు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి అది 28. గర్భిణికి టీటీ సూది, శుభ్రమైన బ్లేడు, బొడ్డుకి ఏమీ రాయకుండా ఆరనివ్వడం, ఆసుపత్రి కానుపు. ఇవి వచ్చాకనే పసిపిల్లల ధనుర్వాతం పోయింది. 2015లో ఇండియాలో దాన్ని నిర్మూలించినట్టు ప్రకటించారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజున మా అమ్మ ఫొటో ముందు కాసేపు కూర్చున్నాను.

గుణదల_కొండ
మాస్టారూ...

మంగళగిరి_చేనేత
ముక్కులో ఆమదం సంగతి వదిలెయ్యకండి, అందరూ నీళ్ళ దగ్గరే ఉన్నారు. మా చెల్లి కొడుకు, రెండు నెలలవాడు. రోజూ స్నానంలో ముక్కులో నూనె చుక్క వేసి ఊదేవారు, "ఊపిరి తేలికవుతుంది" అని. దగ్గు మొదలైంది. ఇంకా ఎక్కువ నూనె వేశారు. ఒకరోజు డొక్కలు ఎగరేస్తుంటే బెజవాడ తీసుకొచ్చాం. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అయిందన్నారు. తొమ్మిది రోజులు ఉన్నాం. ఎక్సరేలో ఆ తెల్లటి మచ్చ చూసి మా అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది, తనే వేసింది కాబట్టి. ఇప్పుడు మా వీధిలో ఎవరు నూనె గిన్నె పట్టుకున్నా మా అమ్మే వెళ్ళి ఆపుతుంది.

పటమట_బాలింత, ఇది మటుకు ఈ రోజే ఆపు. మిగతావి నెమ్మదిగా చూసుకో.

పటమట_బాలింత
చదివి వెంటనే అమ్మకి చూపించాను. నీళ్ళు పోసే ఆవిడకి రేపు నేనే చెప్తాను.

పట్టాభిపురం_పిల్లలడాక్టరు
మామ్మగారు "డాక్టర్లు ఏడాదికో మాట" అన్నారు. నిజమే, ఆ ప్రశ్నని దాటెయ్యకూడదు.

మా వృత్తిలోనూ తప్పు సలహాలు ఇచ్చాం. పసిపిల్లల్ని బోర్లా పడుకోబెడితే మంచిదని పడమటి దేశాల్లో డాక్టర్లే దశాబ్దాలపాటు చెప్పారు. నిద్రలోనే చనిపోయిన పిల్లల లెక్కలు తీసి చూస్తే బోర్లా పడుకున్నవాళ్ళే ఎక్కువమంది. 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఆ సలహా మార్చి వెల్లకిలా పడుకోబెట్టమంది, 1994 నుంచి దేశమంతా ప్రచారం చేశారు. అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. వేరుశనగ సంగతీ అంతే. ఎలర్జీ వచ్చే అవకాశం ఉన్న పిల్లలకి మూడేళ్ళదాకా పెట్టవద్దని 2000లో అదే సంఘం చెప్పింది, 2008లో వెనక్కి తీసుకుంది. ఇంగ్లండులో చేసి 2015లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, ఏడాదిలోపే మెత్తటి రూపంలో తినిపించిన పిల్లల్లో ఆ ఎలర్జీ ఎనభై శాతం దాకా తక్కువగా కనిపించింది.

మాట మార్చుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు మామ్మగారూ. పోయిన పిల్లల్ని, బతికిన పిల్లల్ని పక్కపక్కన పెట్టి లెక్క చూశాకే మార్చుకున్నాం. నేను చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్లు కామెర్ల పిల్లల్ని ఎండలో పెట్టమనేవారు. ఇప్పుడు నేను చెప్పను. ఎండలో బిడ్డ వేడెక్కిపోతుంది, కందిపోతుంది, ఎంత వెలుతురు తగిలిందో కొలత ఉండదు. దానికి లైటు వైద్యం ఉంది. ఆ లైటు కూడా 1956లో ఇంగ్లండులో ఒక నర్సు గమనించడంతోనే మొదలైంది. ఆవిడ పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్తుంటే, గుడ్డ కప్పిన చోట పసుపు, మిగతా చోట తెలుపు కనపడింది. కళ్ళతో చూసిందాన్ని నమ్మి, ఆపైన కొలిచి చూశారు. మీరు ఏడుగురు మనవల్లో చూసింది కూడా పరిశీలనే. దానికి కొలత ఒకటి జత కావాలి, అంతే.

నైట్‌డ్యూటీ_నర్సు
మా నర్సుల పేరు చెప్పినందుకు సంతోషం సార్.

పట్టాభిపురం_పిల్లలడాక్టరు
ఇంకో మాట, బట్టల గురించి. పుట్టిన మొదటి రోజుల్లో, బరువు తక్కువ పిల్లలకి టోపీ కావాలి, నిజమే. మూడు వారాల పిల్లకి మే నెలలో ఇంట్లో పల్చటి నూలు జుబ్బా ఒకటి చాలు. ఫ్యాన్ వెయ్యండి. ఏసీ 26 దగ్గర పెట్టి గాలి నేరుగా తగలకుండా చూడండి. వేడెక్కించడం కూడా నిద్రలో ప్రమాదానికి ఒక కారణమే. వెల్లకిలా, గట్టి పరుపు మీద, ఆవాల దిండు లేకుండా. తల గుండ్రంగా కావాలంటే మెలకువగా ఉన్నప్పుడు, మీరు చూస్తుండగా బోర్లా వేసి ఆడించండి.

మూడు నెలల్లోపు బిడ్డకి 38 డిగ్రీలు దాటితే బట్టలవల్లే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. బట్టలు విప్పండి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.

కొరిటెపాడు_కవలలు
ఆవాల దిండు నాకూ ఉండేది, దాచిపెట్టుకున్నాను గుర్తుగా.

ఆయుర్వేదం_అభిమాని
అన్నీ తప్పే అన్నట్టు సాగుతోంది చర్చ. వస శాస్త్రంలో ఉంది. మేధ్యం, అంటే తెలివిని పెంచేది అని చెప్పారు. ఉగ్గుపాలతో నేర్చుకున్న చదువు అంటాం కదా, ఊరికే అంటామా?

బందరురోడ్డు_అమ్మ
మా చిన్నదానికి వస పొయ్యలేదండీ. బెంజిసర్కిల్ దగ్గర ఆటో ఎక్కితే ఇంటికొచ్చేదాకా నోరు మూయదు. వసపిట్ట అని పిలుస్తుంది మా అత్తగారు.

పట్టాభిపురం_పిల్లలడాక్టరు
శాస్త్రంలో ఉన్నది నిజమే. కానీ శాస్త్రమే వసని శుద్ధి చేసి, మోతాదు చూసి వాడమంది. ఇక్కడ జరిగేది బజార్లో కొమ్ము కొని, రాతి మీద అరగదీసి, ఎంత వచ్చిందో చూడకుండా పదిరోజుల పిల్ల నాలిక మీద రాయడం. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది, జంతువుల మీద పరీక్షల్లో కణుతులు కనపడి అమెరికా 1968లోనే తిండి పదార్థాల్లో వసని నిషేధించింది. వాంతులు, మగత వచ్చి మా దగ్గరికి తెచ్చిన పిల్లలూ ఉన్నారు. మాటలు రావాలంటే మాట్లాడాలి. పాలిచ్చేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు, లాలి పాడేటప్పుడు. అది అమ్మమ్మలకంటే బాగా చేసేవాళ్ళు లేరు.

తేనె కూడా ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఒళ్ళు వాలిపోతుంది, ఊపిరి ఆగొచ్చు. అరుదే గానీ తేనె నాకించడం వల్ల పిల్లకి ఒరిగేదేమీ లేదు కదా.

ఆయుర్వేదం_అభిమాని
శుద్ధి సంగతి ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లోనూ ఎవరూ శుద్ధి చెయ్యరు. నూనె మర్దనని మాత్రం వదలమనకండి.

నైట్‌డ్యూటీ_నర్సు
ఎవరు వదలమన్నారు? ఒంటికి మర్దన చాలా మంచిది. చర్మానికి, నిద్రకి, బరువుకి. ముక్కు సాగదియ్యడం, తల నొక్కడం, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా రొమ్ములు పిండి పాలు తియ్యడం, కాళ్ళు పట్టి తలకిందులు చెయ్యడం, ఇవి వద్దంటాను. పుట్టిన పిల్లల రొమ్ముల్లో కాస్త పాలు ఉండటం మామూలే, తల్లి హార్మోన్ల వల్ల, వాటంతటవే పోతాయి. పిండితే గడ్డలు కట్టి కోత పెట్టాల్సి వస్తుంది. తల్లిపాలు తాగే పిల్ల రోజుకి ఏడుసార్లు వెళ్ళొచ్చు, నెలన్నర దాటాక వారానికోసారి కూడా వెళ్ళొచ్చు. మెత్తగా ఉంటే చాలు, తమలపాకు కాడ అక్కర్లేదు. నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ గదిలో పట్టొద్దు. ఆ పొగ చిన్న ఊపిరితిత్తులకి పడదు.

కొరిటెపాడు_కవలలు
నర్సుగారూ, ఉగ్గుగిన్నె గురించి చెప్పండి. నా కవలలు 34 వారాలకే పుట్టారు, 1600, 1750 గ్రాములు. ఐసీయూలో నా పాలు పిండి పట్టింది ఉగ్గుగిన్నెతోనే! మా అత్తగారు చూసి ఎంత పొంగిపోయారో. "ఇది మా ఇంటిది, మీ డాక్టర్లకెలా తెలిసింది" అని. నన్ను, మా ఆయన్ని, ఆఖరికి మా అత్తగారిని కూడా పిల్లల్ని ఒంటికి ఒళ్ళు తగిలేలా రొమ్ము మీద కట్టుకోమన్నారు, కంగారూ సంరక్షణ అని. రోజుకి ఇన్ని గంటలని. ఆవిడ చీరకొంగులో చిన్నోణ్ణి పెట్టుకుని కూర్చునేవారు, కదలకుండా, నడుం పట్టేసినా లేవకుండా.

నైట్‌డ్యూటీ_నర్సు
అవును, దాన్నే మేం పాలాడ అంటాం. చప్పరించే శక్తి లేని పిల్లలకి సీసా కంటే అదే మేలు. ఇరవై నిమిషాలు నీళ్ళల్లో మరిగించి వాడాలి, మూతి దగ్గర మడత లోపల బాగా తోమాలి. కంగారూ పద్ధతి కొలంబియాలో, బొగోటాలో, 1978లో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో చేసి 2021లో ఫలితాలు ప్రకటించిన పెద్ద పరీక్షలో, తక్కువ బరువు పిల్లల్ని పుట్టిన వెంటనే అలా పెట్టుకుంటే నెలలోపు మరణాలు పాతిక శాతం తగ్గాయి. పటమట_బాలింతా, మీ అమ్మమ్మ దగ్గర ఉగ్గుగిన్నె లాక్కోకు. అందులో ఏం పోస్తారన్నదే చూడు.

మిర్చియార్డు_నాన్న
ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు చెల్లెమ్మా. బావగారు ఎక్కడున్నారు ఇందులో? ఇంతసేపూ అమ్మమ్మ, అత్తగారు, నువ్వు. ఆయన మాటే లేదు.

పటమట_బాలింత
హైదరాబాదులో ఉద్యోగం. శనివారం రాత్రి వస్తారు, ఆదివారం రాత్రి వెళ్ళిపోతారు. వాళ్ళమ్మతో చెప్పమంటే "ఆడవాళ్ళ విషయాలు, నువ్వే సర్దుకో" అన్నారు.

మిర్చియార్డు_నాన్న
ఇది ఆడవాళ్ళ విషయం కాదు. నేనూ మొదటి బిడ్డకి అలాగే తప్పుకున్నాను, మా ఆవిడ ఆ ఆరు వారాలు ఎంత నలిగిందో తర్వాత తెలిసింది. కోడలు చెప్తే ఎదురు మాట అవుతుంది. కొడుకు చెప్తే అమ్మ వింటుంది, అలిగినా వింటుంది. రెండో బిడ్డకి డాక్టరు దగ్గరికి మా అమ్మని నేనే స్కూటర్ మీద తీసుకెళ్ళాను. "మీ సందేహాలన్నీ అడగమ్మా" అన్నాను. ఆవిడే అడిగింది, ఆవిడే విన్నది. ఇంటికొచ్చి పక్కింటావిడకి చెప్పింది. ఈ పేజీ ఆయనకి పంపించు.

బందరురోడ్డు_అమ్మ
రాత్రిళ్ళు ఏడుపు అన్నావు. మొదటి రెండు వారాలు చాలామందికి కాస్త ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకుండా, నిద్రపట్టక, దేనిమీదా మనసు లేకుండా ఉంటే అదీ జబ్బే, మందుంది. మీ గైనకాలజిస్టుకి చెప్పు. నేను సిగ్గుపడి ఐదు నెలలు చెప్పలేదు. ఆ ఐదు నెలలు నా కొడుకు మొహం సరిగ్గా గుర్తులేదు నాకు.

తెనాలి_మాస్టారు
ఆశా కార్యకర్త కూడా ఇంటికొస్తుంది, 28వ రోజున, 42వ రోజున. ఆ సమయానికి అమ్మమ్మగారిని, అత్తగారిని ఇద్దర్నీ కూర్చోబెట్టండి. బయటివాళ్ళ నోటి నుంచి వస్తే మాటకి బరువు వేరు.

సత్యనారాయణపురం_మామ్మ
రెండు రోజులు ఏమీ రాయలేదు నేను. మాస్టారి తమ్ముడి గురించి చదివాక నిద్ర రాలేదు. నలుగురు పిల్లలన్నాను. నాకు ఆరుగురు. మూడోవాడు నెలలోపే పోయాడు, ఐదోది ఏడో నెలలో విరోచనాలతో. ఎక్కడా చెప్పను నేను ఆ మాట. దానికి నీళ్ళు పడితే ఇంకా అవుతాయని నీళ్ళు ఆపేయించారు మా అత్తగారు. దాని పెదాలు ఎండిపోవడం చూశాను.

నీళ్ళు ఎవరికి పట్టాలో, ఎవరికి ఆపాలో మాకు అప్పుడు తెలియలేదు అమ్మాయ్. మీ అమ్మమ్మతో నేను చెప్పానని చెప్పు. బాలింతకి పప్పన్నం పెట్టమను.

పట్టాభిపురం_పిల్లలడాక్టరు
మామ్మగారూ, అది మీ తప్పు కాదు. ఆ రోజుల్లో విరోచనాలకి నీళ్ళు ఆపడం ఎన్నో ఇళ్ళల్లో ఉంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళతో ప్రాణాలు నిలుస్తాయని లోకానికి గట్టిగా తెలిసిందే 1971లో, బెంగాలు శరణార్థి శిబిరాల్లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ వాడి చూపించాక. ఇప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్టు, పద్నాలుగు రోజుల జింకు అంగన్‌వాడీలో కూడా దొరుకుతాయి.

గుణదల_కొండ
మామ్మగారూ, మీరు రాసింది చదివి మా అమ్మకి ఫోన్ చేశాను. ఊరికే.

పటమట_బాలింత
మూడు వారాల తర్వాత వస్తున్నాను, పాప లేవకముందే రాసేస్తాను.

ముక్కులో ఆమదం ఆ మర్నాడే ఆగిపోయింది, మా అమ్మే గిన్నె తీసి పైన పెట్టేసింది. మామ్మగారి మాట అమ్మమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం పెసరపప్పు, పొట్లకాయ వండించింది. నీళ్ళ బిందె నా మంచం పక్కనే పెట్టింది, కాచిన నీళ్ళే. ఫ్యాన్ మీద మూడు రోజులు వాదన నడిచింది. కరెంటు పోయిన రాత్రి అమ్మమ్మే లేచి విసనకర్రతో పాపకి విసురుతూ "ఫ్యానే నయం" అంది.

కాటుక కంట్లో మానేశారు, అరికాలికి దిష్టి చుక్క మాత్రం ఉంది. అది ఉండనిచ్చాను, దానివల్ల పిల్లకి ఏ హానీ లేదు.

మా ఆయన ఈ పేజీ మొత్తం బస్సులో చదివారట. ఆరు వారాల టీకాకి సెలవు పెట్టి, గుంటూరు వెళ్ళి వాళ్ళమ్మని తీసుకొచ్చారు. మా అత్తగారు డాక్టరుగారిని పదకొండు ప్రశ్నలు అడిగారు, కాగితం మీద రాసుకొచ్చి. ఆఖరిది అన్నప్రాసన. ఆడపిల్ల కదా, ఐదో నెలలో చెయ్యాలి, మీరు ఆరు నిండాలంటారు ఎలా అని. ఆయన నవ్వి, ఆరు నిండాక వచ్చేది ఏడో నెలే కదమ్మా, అదీ బేసి నెలే అన్నారు. ఆవిడ అప్పటికప్పుడు పంచాంగం ఉన్నవాళ్ళకి ఫోన్ చేశారు.

పాప 4 కిలోల 100. ఏడుపు తగ్గింది నాకు కూడా, గైనకాలజిస్టుతో మాట్లాడాను.

వచ్చే వారం నాకు బ్యాంకు పరీక్ష, నాలుగు గంటలు బయట ఉండాలి. పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తాను. ఉగ్గుగిన్నె మరిగించి పట్టే పని అమ్మమ్మది. ఇవాళ నీళ్ళతో మూడుసార్లు సాధన చేసింది, బొమ్మకి పడుతూ.

నైట్‌డ్యూటీ_నర్సు
గిన్నె మూతి పెదవి మూలకి ఆనించి కొంచెం కొంచెంగా వంచమను, నోట్లోకి ఒంపెయ్యకూడదు. మింగాకనే మళ్ళీ. పాప తల కాస్త పైకి ఉండాలి.

సత్యనారాయణపురం_మామ్మ
అది నేను చెప్తాను. మీ అమ్మమ్మ నంబరు నాకు విడిగా పంపించు.